బ్యాటిల్‌షిప్ న్యూజెర్సీ, కామ్డెన్: ఒక రిటైర్డ్ టర్నర్ చూసొచ్చిన పదహారు అంగుళాల ఫిరంగులు

మాది విశాఖపట్నం. గాజువాక వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మొదట లేత్ మీద టర్నర్‌ని, చివరి పదకొండేళ్ళు హారిజాంటల్ బోరింగ్ మెషీన్. ఎవరైనా గొట్టం చూపిస్తే నేను ముందు దాని లోపలికి తొంగి చూస్తాను, పొడుగూ లావూ తర్వాత. ఈ రివ్యూ కూడా అలాగే ఉంటుంది. ఓడలో వంటగది ఎలా ఉంది, అడ్మిరల్ గారి సోఫా ఏ రంగు, 1982లో తగిలించిన మిసైళ్ళెన్ని అనేవి కావాలంటే ఇంకెవరైనా రాసింది చూసుకోండి. అమెరికాలో ఇప్పుడు మ్యూజియంగా ఉంచిన ఈ పాత యుద్ధనౌకకి నేను వెళ్ళింది దాని తొమ్మిది ఫిరంగుల కోసం.

నిజానికి నేను వెళ్ళలేదు, మా మనవడు తీసుకెళ్ళాడు. అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్‌లో ఉంటాడు. మేం రావడం ఇది మూడోసారి. ఇక్కడికొచ్చిన ప్రతి అమ్మానాన్నలకీ ఒకే చీటీ ఉంటుంది కదా: బ్రిడ్జ్‌వాటర్ గుడి, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, నయాగరా, అవుట్‌లెట్ మాల్. మూడుసార్లూ అదే తిరిగాం. ఈసారి మనవడు, నాలుగో క్లాసు వెధవ, స్కౌట్స్ పిల్లలతో ఆ ఓడలో ఒక రాత్రి పడుకుని వచ్చి, "తాతయ్యా, నీకు బాగా నచ్చుతుంది, అక్కడ చాలా పెద్ద పైపులున్నాయి" అన్నాడు. పైపులట! సరే పద అన్నాను.

2024 అక్టోబర్‌లో ఒక శనివారం వెళ్ళాం. ఎడిసన్ నుంచి టర్న్‌పైక్ మీద దక్షిణంగా గంటా పావు పట్టింది. ఎగ్జిట్ 4 దగ్గర దిగితే కామ్డెన్. కారు లేనివాళ్ళు ట్రెంటన్ దాకా రైల్లో వచ్చి, అక్కడ రివర్ లైన్ అనే చిన్న రైలెక్కి అక్వేరియం స్టేషన్‌లో దిగి నడవచ్చు. అడ్రసు 62, బ్యాటిల్‌షిప్ ప్లేస్. ఓడ నంబరు కూడా బీబీ-62. వీధి నంబరు కలవాలని ఎవరో పట్టుబట్టి ఉంటారు, వాళ్ళకి నా నమస్కారం.

డెలావేర్ నది ఒడ్డున, ఎదురుగా ఫిలడెల్ఫియా మేడలు. ఈ ఓడని కట్టింది ఆ ఒడ్డునే, ఫిలడెల్ఫియా నేవీ షిప్‌యార్డులో. పెరల్ హార్బర్ దాడి జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, 1942 డిసెంబర్ 7న నీళ్ళలోకి దింపారు. 1943 మే 23న నేవీలో చేరింది. పొడవు 887 అడుగులు. ఆర్.కె. బీచ్‌లో మన కురుసుర సబ్‌మెరైన్ 300 అడుగులు. మూడు కురుసురలు వరసగా పెడితే దాదాపు దీని పొడవు. అయితే వెడల్పు 108 అడుగులే. పనామా కాలువ లాకులు 110 అడుగులు మరి, ఆ సందులో పట్టాలి. ఇటు అడుగు, అటు అడుగు క్లియరెన్స్ పెట్టుకుని యాభై ఏడు వేల టన్నుల ఓడ కట్టారు. ఆ లెక్క దగ్గరే నాకు ఈ మనుషుల మీద గౌరవం కలిగింది.

ఇక ఫిరంగులు. ముందు రెండు టరెట్లు (ఫిరంగులు బిగించిన, తిరిగే ఉక్కు గదులు), వెనక ఒకటి, ఒక్కోదానికి మూడు గొట్టాలు. డెక్ మీదికి ఎక్కగానే అందరూ చేసే పని ఒకటే: గొట్టం కింద నిలబడి ఫోటో. మేమూ తీసుకున్నాం. గొట్టం నోరు పదహారు అంగుళాలు, అంటే నలభై సెంటీమీటర్ల పైచిలుకు. మా మనవడి తల సులువుగా పడుతుంది. (పెట్టి చూడలేదు. మూత బిగించి ఉంది.)

బోర్డుల మీద "16 అంగుళాలు, 50 కాలిబర్" అని ఉంటుంది. మా అబ్బాయి సాఫ్ట్‌వేరు మనిషి, యాభై అంటే ఇంకో రకం తుపాకీ అనుకున్నాడు. అది కాదు. పెద్ద ఫిరంగుల్లో కాలిబర్ అంటే పొడవు లెక్క. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, ఎంతో దానికి యాభై రెట్లు పొడుగు. పదహారు యాభైలు ఎనిమిది వందల అంగుళాలు. అరవై ఆరు అడుగుల ఎనిమిది అంగుళాల బోరు, వెనక భాగం కూడా కలిపితే మొత్తం అరవై ఎనిమిది అడుగులు. బరువు వెనక మూతతో కలిపి సుమారు 120 టన్నులు. ఒక్క గొట్టానికి! అరవై అడుగుల పైన బోరింగ్ బార్ పెట్టి, మధ్యలో బార్ వంగకుండా, సెంటర్ తప్పకుండా లాగడం ఎంత కష్టమో మా షాపులో ఇరవై అడుగుల జాబ్‌కి చెమటలు పట్టినవాళ్ళకి తెలుస్తుంది. అదీ 1940ల్లో, కంప్యూటర్ మెషీన్లు లేకుండా. వాషింగ్టన్‌లో నేవీ వాళ్ళకే ఒక గన్ ఫ్యాక్టరీ ఉండేది, ఈ రకం ఫిరంగుల తయారీ అక్కడే.

అసలు సంగతేంటంటే ఇది ఒకే గొట్టం కాదు. లోపల పలచటి లైనర్, దాని మీద ట్యూబు, దాని మీద జాకెట్, ఆపైన హూప్‌లు అనే పెద్ద పెద్ద వలయాలు. పైదాన్ని వేడిచేసి, అది సాగినప్పుడు లోపలిదాని మీద తొడిగి, చల్లారనిస్తారు. చల్లారేకొద్దీ పైది ముడుచుకుని లోపలిదాన్ని పిసికి పట్టుకుంటుంది. ఇది చదవగానే మా చిన్నప్పటి కమ్మరి కొలిమి గుర్తొచ్చింది. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేది ఇలాగే కదా! పట్టా చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రం మీద వేసి, సుత్తులతో దింపి, బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తే "చుయ్"మని పొగలెగిసి చెక్క కీళ్ళన్నీ కిర్రుమని బిగుసుకునేవి. ఆ పట్టా ఇక ఊడదు. ఫిరంగిలో పేలుడు లోపలి నుంచి బయటికి తోస్తుంది. బయటి వలయం అప్పటికే లోపలికి నొక్కుతూ ఉంటుంది. రెండూ కొట్టుకుపోయి గొట్టం నిలబడుతుంది. పేలేటప్పుడు లోపల చదరపు అంగుళానికి పద్దెనిమిదిన్నర టన్నుల ఒత్తిడి. దాన్ని ఆపేది కమ్మరి విద్యే.

ఆ లైనర్ అరుగుతుంది. వేల డిగ్రీల వేడి గ్యాసు దూసుకుపోతే అరక్కేం చేస్తుంది? అందుకని లోపల క్రోమియం పూత వేశారు, అంగుళంలో వెయ్యోవంతులో సగం, మా భాషలో అర థౌ. అయినా సుమారు మూడు వందల గుళ్ళకి పని అయిపోయేది. అప్పుడు లైనర్ తీసి కొత్తది వేయాలి. ఆ పని జరిగిన చోట్లలో ఒకటి ఐడహో రాష్ట్రంలో పొకటెల్లో. సముద్రం వందల మైళ్ళ దూరంలో ఉన్న కొండల మధ్య ఊరు! వియత్నాం యుద్ధం నాటికి ఒక ఉపాయం దొరికింది. మందు సంచుల చుట్టూ టైటానియం డయాక్సైడు, మైనం కలిపిన పొర చుట్టి పేలిస్తే అది గొట్టం గోడకి పూతలా పట్టి వేడిని అడ్డుకుంటుంది. లైనర్ ఆయుష్షు కొన్ని రెట్లు పెరిగిందట. టైటానియం డయాక్సైడు అంటే గోడలకి వేసే తెల్ల పెయింటులో ఉండేదే.

బోరు లోపల 96 గాళ్ళు మెలికలు తిరుగుతూ కోసి ఉంటాయి, గుండు తిరుగుతూ పోవడానికి. పూర్తి చుట్టు తిరగాలంటే ముప్పై మూడు అడుగుల పైన పడుతుంది. అంటే గొట్టం దాటేలోపు గుండు రెండు చుట్లు కూడా పూర్తిగా తిరగదు. కానీ సెకనుకి 762 మీటర్ల వేగంతో బయటికొచ్చేసరికి ఆ మెలిక ఎంత వేగమవుతుందో పేపర్ నాప్‌కిన్ మీద లెక్కేశాను: నిమిషానికి 4,500 చుట్లు. గుండు బరువు 2,700 పౌన్లు, అంటే 1,225 కిలోలు. పాత మారుతి 800 కార్లు రెండు కలిపి చుట్టబెట్టినంత బరువు నిమిషానికి నాలుగున్నర వేల చుట్లు తిరగడం! లేత్ మీద అంత జాబ్ అంత స్పీడులో తిప్పమంటే నేను మెషీన్ ఆపేసి ఇంటికొచ్చేస్తాను.

ఎంత దూరం పోతుంది? సుమారు 24 మైళ్ళు, 38 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఆర్.కె. బీచ్ దగ్గర పేలిస్తే అనకాపల్లి దాటి పడుతుంది. పడడానికి దాదాపు నిమిషంన్నర పడుతుంది. జపాన్ వాళ్ళ యమాటోకి ఇంతకంటే లావు ఫిరంగులుండేవి, 46 సెంటీమీటర్లవి. కానీ అది సముద్రం అడుగున ఉంది, చూడ్డానికి వీల్లేదు.

ఇంతవరకూ పైనుంచి కనిపించేది. చాలామంది ఇక్కడితో దిగిపోతారు, అక్కడే పొరపాటు. డెక్ మీద కనిపించే టరెట్ నూతి మీది గిలక లాంటిది. నుయ్యంతా కింద ఉంది. టరెట్ కింద ఐదారు అంతస్తుల ఉక్కు గుండ్రని నుయ్యి, ఓడ అడుగు దాకా. నూతి గోడ కదలదు, దాని లోపలి కట్టడమంతా ఫిరంగితో పాటు తిరుగుతుంది. బరువు సుమారు 1,700 టన్నులు. ఇంతా చేసి దాన్ని ఓడకి బోల్టులతో బిగించలేదు. రోలర్ల మీద తన బరువుతో తను కూర్చుంటుంది, అంతే. జర్మన్ల బిస్మార్క్ మునిగినప్పుడు తలకిందులై నాలుగు టరెట్లూ జారి పడిపోయాయి. తిరగలి పైరాయి ఎత్తితే ఊడొచ్చినట్టు.

టరెట్ లోపలికి వెళ్ళాం. మమ్మల్ని తిప్పినాయన ఒకప్పుడు నేవీలో చేసిన వాలంటీరు, డెబ్బై దాటిన మనిషి. ముందు గోడ పదిహేడు అంగుళాల ఉక్కు. మూడు గొట్టాలకీ మధ్య అడ్డుగోడలు, ఒక్కో గొట్టానికి విడి గది. దేని ఎత్తు దానికి విడిగా మార్చుకోవచ్చు. లోపల నిలబడితే చేతులు చాపడానికి లేదు. ఫిరంగి పేలినప్పుడు ఈ 120 టన్నుల ఇనుము నాలుగడుగులు వెనక్కి దూకుతుంది. ఆ దూకే చోటుకి పక్కన మనుషులు నిలబడేవారు.

నేను ఎక్కువసేపు చూసింది వెనక మూత, బ్రీచ్. మరలాంటిదే, కానీ మామూలు మరైతే పది పదిహేను చుట్లు తిప్పాలి. నిమిషానికి రెండు గుళ్ళు వేయాల్సినచోట అంత టైమెక్కడిది? అందుకని థ్రెడ్‌ని ముక్కలు ముక్కలుగా, మెట్లు మెట్లుగా కోశారు. ఎత్తు మెట్టు పల్లపు మెట్టులో కూర్చుంటుంది. చిన్న తిప్పుతో మొత్తం పట్టేస్తుంది. చుట్టూ చాలా భాగం థ్రెడ్డే ఉంటుంది కాబట్టి బలం తగ్గదు. వెలిన్ అనే ఆయన పేరు మీద ఆ డిజైను. ఆ మెట్ల థ్రెడ్ కోసిన మెషీనిస్టు ఎవరో గానీ, అతని చేతులకి దండం పెట్టాలి. గ్యాసు లీకవకుండా లోపల మెత్తటి ప్యాడ్ ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ అదే ఆ ప్యాడ్‌ని పక్కలకి నొక్కి సందు మూసేస్తుంది. లోపలి మూత ఉండే ప్రెషర్ కుక్కర్ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకో మాట చెప్పక్కర్లేదు.

వాలంటీరు గారిని లైనర్ ఎలా బయటికి లాగుతారని అడిగాను, అబ్బాయి ఇంగ్లీషులోకి మార్చాడు. ఆయన నా వైపు తిరిగి, "మీరు మెషీనిస్టా?" అన్నాడు. తర్వాత మిగతా జనాన్ని కాసేపు వదిలేసి నాతోనే మాట్లాడాడు. వెనక ఉన్న ఇద్దరు విసుక్కున్నారు. విసుక్కోనీ.

అక్కడే ఆయన అయోవా సంగతి చెప్పాడు. ఇదే తరగతి ఓడ, దీని అక్క. 1989 ఏప్రిల్ 19న దాని రెండో టరెట్‌లో మధ్య గొట్టంలోకి మందు సంచులు నెడుతుండగా పేలింది. 47 మంది పోయారు. మొదట నేవీ చనిపోయిన ఒక నావికుడే కావాలని చేశాడంది. తర్వాత వేరే శాస్త్రవేత్తలు పరీక్షించి, సంచుల్ని మరీ వేగంగా, మరీ లోపలికి నెడితే మందు దానంతటదే అంటుకోవచ్చని చూపించారు. 1991లో నేవీ ఆ కుర్రాడి కుటుంబానికి క్షమాపణ చెప్పింది. అది విన్నాక గుండునీ మందునీ గొట్టంలోకి నెట్టే ర్యామర్ మీట వైపు చూశాను. గుండుని వేగంగా నెట్టాలి, మందుని నెమ్మదిగా నెట్టాలి. ఒకే మీట, రెండు వేగాలు, పట్టుకున్నది ఇరవై ఏళ్ళ కుర్రాడు. షాపులో ప్రెస్ మీద చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి చూసినవాడికి ఆ మీట చూడగానే కడుపులో తిప్పుతుంది.

కింది అంతస్తులకి విడిగా గైడుతో వెళ్ళే టూరు ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే అడగండి, మీరు వెళ్ళే రోజున ఉందో లేదో చూసుకోండి. కాస్త డబ్బులెక్కువైనా ఇదే కొనండి. నా మటుకు నాకు టికెట్ డబ్బు ఇక్కడే గిట్టింది.

గుళ్ళు నిలబెట్టి ఉంచే అంతస్తులో గోడ వెంబడి ఆరడుగుల గుళ్ళు, మనిషంత ఎత్తు, పెళ్ళిలో వరసగా నిలబడ్డ పెద్దమనుషుల్లా ఉన్నాయి. టన్నుంపావు గుండుని అక్కడి నుంచి లిఫ్టు దాకా ఎలా తెస్తారు? క్రేన్ ఉంటుందనుకున్నాను. లేదు. గుండు నడుముకి తాడు చుట్టి, ఆ తాడుని తిరిగే డ్రమ్ముకి రెండు చుట్లు వేసి, ఒకడు తాడు కొస బిగిస్తే గుండు నిలబడ్డది నిలబడ్డట్టే నూనె రాసిన ఉక్కు నేల మీద జారుతుంది. కొస వదిలితే ఆగుతుంది. మన రేవుల్లో పడవల్ని లాగే పద్ధతే. ఓడ ఊగుతుంటే, చుట్టూ టన్నుంపావు ఇనప స్తంభాలు, కాలి కింద నూనె, చేతిలో తాడు. కోట్ల డాలర్ల ఓడలో ఆఖరికి పని జరిగింది తాడూ చెయ్యీ మీదే.

దానికంటే కింద మందు. ఒక్కో పేలుడుకి ఆరు సంచులు, ఒక్కోటి 110 పౌన్లు. అంటే సరిగ్గా మన సిమెంటు బస్తా, యాభై కిలోలు. ఆరు సిమెంటు బస్తాల మందు చేతుల మీదుగా అందించుకుంటూ లిఫ్టులోకి దొర్లిస్తారు. సంచి పట్టుది. పట్టు పూర్తిగా కాలిపోతుంది, నిప్పు తుంపులు మిగిల్చదు. మిగిలితే తర్వాతి సంచి అంటుకుంటుంది కదా. అందుకే పేలిన తర్వాత గొట్టంలోకి గాలి ఊది, తొంగి చూసి, "బోర్ క్లియర్" అని అరిచాకే తర్వాతి గుండు. నాకు ఇంకా నచ్చింది మందు పలుకు. పొడి కాదది, వేలంత లావు గొట్టం ముక్కల్లా ఉంటుంది, ఒక్కోదానికి ఏడు కన్నాలు. ఎందుకని మనవడు అడిగితే వాడికి అర్థమయ్యేలా చెప్పాను: నానమ్మ గారెకి చిల్లి ఎందుకు పెడుతుంది? లోపల కూడా వేగాలని. ఇదీ అంతే. బయట కాలుతూ పలుకు చిన్నదయ్యేకొద్దీ లోపలి కన్నాలు పెద్దవవుతాయి. మంట తగ్గకుండా గుండుని చివరిదాకా తోస్తూనే ఉంటుంది. వాడు వెంటనే ఆకలేస్తోందన్నాడు.

ప్లాటింగ్ రూము కూడా చూడకుండా వదలొద్దు. ఓడ కడుపులో, కవచం వెనక, కిటికీ లేని గది. ఫిరంగి ఎటు చూడాలో తేల్చింది ఈ గదే. ఫోర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ చేసిన రేంజ్‌కీపర్ అనే పెట్టె ఉంది అక్కడ. పెట్టె అంటున్నాను గానీ అది కంప్యూటరే, కరెంటు అంకెల్ది కాదు, గేర్లూ క్యామ్‌లూ డిఫరెన్షియళ్ళతో చేసినది. మన ఓడ వేగం, వాళ్ళ ఓడ వేగం, గాలి, మందు ఎంత వేడిగా ఉంది, గొట్టం ఎంత అరిగింది, ఆఖరికి భూమి తిరగడం కూడా, ఒక్కో చేతిపిడి తిప్పుతూ లోపలికి ఇస్తే, గేర్లు తిరిగి జవాబు ముళ్ళ మీద చూపిస్తాయి. 1980ల్లో ఓడని మళ్ళీ బయటికి తీసినప్పుడు దీన్ని మార్చాలా అని ఆలోచించి, ఉన్నదే బాగుందని ఉంచేశారు. నలభై ఏళ్ళ నాటి గేరు బాక్సు! మా అబ్బాయి రోజూ క్లౌడులో ఏదో చేస్తూ ఉంటాడు. ఆ పెట్టె ముందు పదినిమిషాలు నోరెత్తకుండా నిలబడ్డాడు. "నాన్నా, దీన్ని అప్‌డేట్ చేయక్కర్లేదేమో" అన్నాడు. ఆ మాట నాకు బహుమతి. పేల్చే మీట కూడా అక్కడే, పిస్టల్ పిడిలా ఉంటుంది. ముందు బజర్ కొట్టి, తర్వాత నొక్కడం. గొట్టాలెక్కడో, ఆ మీటెక్కడో.

మా ఆవిడ ఇవేవీ చూడలేదు. ఓడలో మెట్లంటే మెట్లు కాదు, నిచ్చెనలు. చీరతో రెండు దిగి, ఇక నావల్ల కాదని డెక్ మీద, టేకు చెక్కల మీద పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంది. మేం పైకొచ్చేసరికి ఒకే ప్రశ్న సిద్ధంగా ఉంచుకుంది: "ఇంతింత గుళ్ళు ఎవరి మీద వేశారండీ?"

సమాధానం కాస్త ఇబ్బందిదే. ఈ ఫిరంగుల్ని చేసింది శత్రువు బ్యాటిల్‌షిప్‌ని కొట్టడానికి. ఈ ఓడకి అలాంటి పోరు జీవితంలో ఒక్కసారీ తగల్లేదు. 1944 ఫిబ్రవరిలో పసిఫిక్ సముద్రంలో ట్రక్ అనే దీవుల దగ్గర నోవాకి అనే జపాన్ డిస్ట్రాయర్ పారిపోతుంటే 35 వేల గజాల పైనుంచి వేసింది. గుళ్ళు దానికి అటూ ఇటూ పడ్డాయి, అది తప్పించుకుంది. మిగతా కాలమంతా తీరాల మీద, కొండల మీద వేయడమే. రెండో ప్రపంచ యుద్ధం మొత్తంలో 771 పెద్ద గుళ్ళు వేసింది. వియత్నాంలో 1968 సెప్టెంబర్ నుంచి కొద్ది నెలల్లోనే 5,688. తర్వాత 1983-84లో లెబనాన్. అక్కడ వేర్వేరు కాలాల మందు కలిపి వాడటంతో వేగం ఒక్కోసారి ఒక్కోలా వచ్చి గురి సరిగ్గా కుదరలేదని విమర్శలొచ్చాయి. బోరు ఎంత సరిగ్గా కోసినా మందు కల్తీ అయితే అంతే.

ఆవిడ వింటూ వింటూ, "42లో బాంబులు పడ్డప్పుడు మా అమ్మమ్మ వాళ్ళు బండి కట్టుకుని విజయనగరం వైపు పోయారట, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి" అంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు వేసిన బాంబుల సంగతి అది. ఇంకా వెనక్కి వెళ్తే 1914 సెప్టెంబర్‌లో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ రాత్రిపూట మద్రాసు మీద గుళ్ళు వేసి చమురు ట్యాంకులు తగలబెట్టింది. దాని ఫిరంగులు నాలుగంగుళాల పైచిలుకువి, అంతే. ఇక్కడ పక్కల ఉండే చిన్న ఫిరంగులే ఐదు అంగుళాలవి, వాటి దగ్గర ఎవరూ ఆగను కూడా ఆగరు. నాలుగంగుళాలకే మద్రాసు జనం ఊరొదిలి పారిపోయారు. పులిహోర తింటూ కాసేపు ఎవరం ఏం మాట్లాడుకోలేదు.

మనవడే మళ్ళీ మొదలెట్టాడు. తొమ్మిదీ ఒకేసారి పేలిస్తే ఓడ పక్కకి జరిగిపోతుందట కదా, స్కౌట్స్‌లో ఎవరో చెప్పారట. ఇంకో నాప్‌కిన్ తీశాను. తొమ్మిది గుళ్ళ బరువు, వేగం, మందు గ్యాసు కూడా కలిపి, ఓడ బరువుతో భాగిస్తే సెకనుకి ఏడెనిమిది అంగుళాల నెట్టు. అదీ ఓడ నీళ్ళలో కాకుండా గాల్లో వేలాడుతుంటే. నీళ్ళు పట్టుకుంటాయి కాబట్టి జరిగేది ఏమీ లేనట్టే. ఫోటోల్లో ఓడ పక్కన తెల్లగా చెదిరి కనిపించేది పేలుడు గాలికి చితికిన నీళ్ళు. వాడికి నిరాశగా ఉంది. నాప్‌కిన్ మాత్రం జేబులో పెట్టుకున్నాడు, స్కౌట్స్‌లో చూపించడానికి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. బూట్లు వేసుకోండి, చెప్పులొద్దు. గుమ్మాలు జానెడు ఎత్తు, తలుపు పైభాగం తలకి తగిలేంత కిందికి. నా మోకాలికి రెండుసార్లు, నుదుటికి ఒకసారి తగిలింది. అది యుద్ధనౌక స్వభావం, ఎవరి తప్పూ కాదు. ఎండాకాలంలో ఇనుము కాగుతుంది, అక్టోబర్ హాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డెక్, టరెట్ బయట చూసి ఆగండి, కింది టూరుకి దిగకండి. నాలుగు గంటలైనా పెట్టుకోండి. చిన్నపిల్లలకి పక్కనే అక్వేరియం ఉంది కాబట్టి రోజంతా గడిచిపోతుంది. తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడం మేలు. తిరుగు దారిలో ఒక ఇండియన్ హోటల్లో ఆగి దోసె తిన్నాం. దాని గురించి ఏం రాయను, రాస్తే రివ్యూ దారి తప్పుతుంది. ఆవలి ఒడ్డున ఫిలడెల్ఫియాలో ఒలింపియా ఉంది, 1898 మనీలా యుద్ధం నాటి ఓడ, ఎనిమిది అంగుళాల ఫిరంగులు. సీజనులో పడవ దాటిస్తుంది. రెండూ ఒకే రోజు చూస్తే యాభై ఏళ్ళలో ఫిరంగి ఎంత ఎదిగిందో కళ్ళకి కనిపిస్తుంది. మాకు టైము చాల్లేదు.

ఐదుకి ఎంత అంటే నాలుగున్నర. ఆ అర నా మోకాలిది.

ఇంటికొచ్చాక మనవడు టేపు తెచ్చాడు. ఇరవై ఐదు అడుగుల టేపు, మూడుసార్లు పెట్టి డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో అరవై ఎనిమిది అడుగులు గీశాం. గ్యారేజీ తలుపు దగ్గర మొదలైన గీత రోడ్డు దాటి ఎదురింటి వాళ్ళ మెయిల్‌బాక్సు దగ్గర ఆగింది. మా ఆవిడ వాకిట్లో నిలబడి గీత ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఈసారి కింద దాకా తనూ వస్తానంటోంది, చీర కాదు, కోడలి ట్రాక్ ప్యాంటు వేసుకుంటుందట. డిసెంబర్‌లో మా తిరుగు ప్రయాణం. ఆలోపు ఖాళీ శనివారం ఒకటి చూడమని అబ్బాయికి చెప్పాను.